అమ్మ ప్రార్థన వినవద్దని మొరపెట్టాను

అమ్మా, నాన్నా, ఈ ఉత్తరాన్ని ఆదివారం ఆరాధనలో చదివించండి. సండే స్కూల్లో నేర్చుకున్న అక్షరాలే నాకు దిక్కు కనుక తప్పులుంటే పాస్టరుగారు సరిచేసి చదవాలి. హోప్ టౌన్ సంఘంలోని సహోదరులారా, సహోదరీలారా, ఇంకా ప్రాణంతో ఉన్నాను, అందుకే మీకు వందనాలు చెప్పగలుగుతున్నాను!

మన దీవి నుంచి పంపుతూ హాడో జెట్టీలో నన్ను ఓడ ఎక్కించిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. అమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, "ప్రభువా, నా బిడ్డ చేతిపనిని ఆశీర్వదించు" అని ఏడుస్తూ ప్రార్థించింది, మీరందరూ ఆమేన్ అన్నారు. విదేశంలో బిస్కెట్ల ఫ్యాక్టరీ, ప్యాకింగ్ పని అని ఏజెంటు చెప్పాడు, నమ్మాం. తీరా ఇక్కడ దిగితే యుద్ధం! పాస్‌పోర్టులు లాగేసుకుని, నన్నొక పెద్ద షెడ్డులోకి తోసి, ఏవో రెక్కలకు జిగురు పూసి అతికించమన్నారు. ఏమిటివి అని పక్కనున్న బీహారు భయ్యాను అడిగితే, "డ్రోన్ హై భాయ్, ఇస్‌మే బమ్ రఖ్‌తే హై" అన్నాడు. బాంబులు పెట్టి ఎగరేసే డ్రోన్లట అవి!

సహోదరులారా, నేను అతికించిన రెక్కలు ఎవరి ఇంటి మీద వాలాయో నాకు తెలియదు, ఆ ఇంట్లో పసిపిల్లలున్నారో, మా అమ్మలాంటి అమ్మ ఉందో తెలియదు. పని మానేస్తానంటే యుద్ధానికే పంపుతామన్నారు. అన్నం ముందు కూర్చుంటే చేతులు జిగురు కంపు, ముద్ద దిగేది కాదు. మోకరిస్తే ఈ చేతులు జోడించడానికి మనసొప్పేది కాదు. ఆదివారం సూపర్‌వైజరు ఎదుట నిలబెట్టి ఫోను మాట్లాడనిచ్చేవారు, నిజం చెప్పే వీలే లేదు. అమ్మ మాత్రం ప్రతిసారీ ఆ ప్రార్థనే చేసేది. అయ్యో, దేవుడు గనక అమ్మ మాట వింటే ఎంతమంది చస్తారో! సైరన్ మోగి అందరం కింది గదిలోకి పరుగెత్తినప్పుడు, మిగతావాళ్ళు ప్రాణాల కోసం ఏడుస్తుంటే నేను గోడకు తల ఆనించి, "తండ్రీ, మా అమ్మ ప్రార్థన వినకు, ఈ చేతులను ఆశీర్వదించకు, కావాలంటే పాడు చెయ్యి" అని మొరపెట్టాను.

దేవుడు విన్నాడు! చేతుల నిండా పొక్కులు లేచి, చర్మం ఊడి, రసి కారి, చెంచా కూడా పట్టలేకపోయాను. సూపర్‌వైజరు నాటకమని తిట్టాడు, కాస్త మానగానే మళ్ళీ జిగురు పట్టించాడు, మళ్ళీ పొక్కులే! చివరికి పనికిరానివాడని క్యాంటీనుకు తోసేశాడు. అక్కడ చేతులు మానాయి, ఇప్పుడు రొట్టెల పిండి పిసుకుతున్నాను. నా రొట్టె తిన్నవాళ్ళే వెళ్ళి ఆ రెక్కలు అతికిస్తారు, అదీ నాకు తెలుసు, తలచుకుంటే నిద్ర పట్టదు. పాస్‌పోర్టు ఇంకా చేతికి రాలేదు, మిమ్మల్ని మళ్ళీ చూస్తానో లేదో తెలియదు. అయినా నా చేతులను ఆ పని నుంచి విడిపించిన దేవునికే మహిమ! పూర్తిగా గట్టెక్కాకే ఆయనను నమ్ముదామని మీరెవరూ ఆగకండి, చీకట్లో ఉన్నవాళ్ళు చీకట్లోంచే పిలవండి, వింటాడు.

కాంట్రాక్టు ముగిసి ఇంటికెళ్తున్న బీహారు భయ్యా చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. అమ్మా, జెట్టీ దగ్గర మన పూరీల కొట్టులో నువ్వు నేర్పినట్టే పిసుకుతున్నాను, గిన్నెకు అంటకుండా. ఇన్నాళ్ళూ నీ ప్రార్థనకు నేను ఆమేన్ అనలేదమ్మా. ఇది చదవడం అయ్యాక లేచి నిలబడి, ఆ ప్రార్థన ఇంకొక్కసారి చెయ్యి. ఇక్కడ నేను ఆమేన్ అంటాను.