బోల్టు ఫోటోల హఫీజ్

హఫీజ్‌కు బోల్టు కనబడితే ఫోటో తీయకుండా ఉండలేడు. ఉన్నది ఆ ఒక్క జబ్బే. దానికి మందు లేదని ఆయన భార్య అమీనా బీ ఎప్పుడో తేల్చేసింది.

సత్తుపల్లి బస్టాండు ఎదురుగా నట్లు, బోల్టుల దుకాణం ఆయనది. కానీ అందులో ఆయన కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు లేరు. చేతిలో ఫోను, జేబులో పది రూపాయల బిళ్ళ, కాళ్ళలో చక్రాలు. బోల్టు పక్కన బిళ్ళ పెట్టి, ఊపిరి బిగబట్టి, నిటారుగా పైనుంచి ఫోటో కొడతాడు. ఆ తర్వాత బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి మర చుట్లు లెక్కబెడతాడు.

"బిళ్ళ అడ్డం ఇరవై ఏడు మిల్లీమీటర్లు. ఢిల్లీల గంతే, దమ్మపేటల గంతే. దాన్ని బట్టి బోల్టు సైజు చెప్పకపోతే నా పేరు హఫీజే కాదు!" అనేవాడు, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ.

ఇది అందరికంటే ఎక్కువగా భరించింది పుష్పలత. ఆమె భద్రాచలం బస్సు కండక్టరు. హఫీజ్ బస్సెక్కితే టికెట్ కొట్టడానికి ఆయన ముఖం దొరికేది కాదు, సీటు కిందికి దూరిన ఆయన కాళ్ళు మాత్రమే దొరికేవి.

ఊళ్ళో బాబూరావు గారింట్లో పెళ్ళికి హఫీజ్‌తో పాటు ఆమె కూడా వెళ్ళింది. వధూవరులు అక్షింతలకు తల వంచిన సమయంలో వాళ్ళ సోఫా కింద నుంచి ఫోను వెలుగు వచ్చింది. ఉంగరం పడిపోయిందేమోనని అందరూ వంగారు.

"ఏం పోయింది భాయ్?" అన్నారు బాబూరావు గారు.

"ఏం పోలే. నాలుగు బోల్టులు ఉండాల్సిన కాడ మూడే ఉన్నయి. పెండ్లికొడుకును జర మధ్యల కూర్చోమనుండ్రి."

పోయిన వానల్లో హఫీజ్ జ్వరమొచ్చి దవాఖానాలో చేరాడు. డాక్టరు వచ్చి, "నొప్పి ఎక్కడ?" అని అడిగితే, "ఎడమ కాలు సార్, మొత్తం ఊగుతాంది" అన్నాడు. డాక్టరు పాపం దుప్పటి తీసి మోకాలు నొక్కి చూశాడు. "నాది కాదు సార్, మంచానిది!"

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. పుష్పలతకు ఒళ్ళు మండేది కాగితం పొట్లాలతో. వారానికి రెండుసార్లు, సరిగ్గా బస్సు కదిలే వేళకు హఫీజ్ బస్సు పక్కన పరుగెత్తుకుంటూ వచ్చి చింతగింజంత పొట్లం ఆమె చేతిలో కుక్కేవాడు. "చెల్లె, ఫలానా స్టేజీ కాడ మనిషొస్తడు, ఇయ్యి!" అక్కడితో ఆగితే హఫీజ్ ఎట్లా అవుతాడు? బస్సు ఊరు దాటకముందే ఫోను. "చేరిందా?"

"భాయ్, ఇంకా గంగారం దాటలే!"

పది నిమిషాలకు మళ్ళీ. "చేరిందా?"

"నేను టికెట్లు కొట్టాల్నా, నీ నట్లు పంచాల్నా? చెకింగోళ్ళు పట్టుకుంటే మెమో నాకొస్తది, నీకు కాదు!"

ట్రాక్టర్ల సామాను యాపారమని ఆమె అనుమానం. ఇదే ఆఖరు పొట్లం, ఇంక ఒక్కటి కూడా ముట్టనని ఒట్టు పెట్టుకున్న రోజే లచ్చుతండా స్టేజీలో పొట్లం తీసుకోవడానికి ఎవరూ రాలేదు. ఫోను మోగనే మోగింది.

"చెల్లె, పొట్లం అడిగినామె తమ్ముడు ఊర్ల లేడంట. రోడ్డు మీదికెళ్ళి రెండో ఇల్లే. జల్దీ పోయి ఇచ్చిరా, నీకు పుణ్యముంటది."

డ్రైవరు మురళీకృష్ణ వాచీ చూశాడు. ప్రయాణికులు గొణిగారు. పొట్లం ముఖాన కొట్టి వద్దామని పుష్పలత విసవిసా నడిచింది.

గడప లోపల ముప్పై ఏళ్ళ మనిషి నేలమీద కూర్చుని గౌను కుడుతోంది. పోలియోతో రెండు కాళ్ళూ సన్నగా ఉన్నాయి. పక్కనే చక్రాల కుర్చీ ముందు చక్రం ఊడి ఒరిగిపోయి ఉంది.

"వచ్చిందా అక్కా!" అని ఆమె చెయ్యి చాచింది. పేరు ద్వాలి. "పదిహేను రోజులాయె గడప దాటక. బడి పిల్లల బట్టలు కుట్టే పని నాది. రేపు పోకుంటే వేరేటోళ్ళకు ఇస్తమన్నరు."

"భద్రాచలంల దొరకలేదా?"

"ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు ఇచ్చిండ్రక్కా. రెండు చుట్లు పోతది, పట్టేసుకుంటది. ఇది బయటి దేశం కుర్చీ, పారెయ్యమన్నరు. భాయ్‌కి ఫోటో పెడితే, గది అంగుళాల లెక్క మర, మిల్లీమీటర్ల బోల్టు ఎక్కదన్నడు. నాలుగు రోజులు ఎక్కడెక్కడ తిరిగి తెచ్చిండో!"

"ఎంత తీసుకుంటడు?"

"పైసా ముట్టడు. ఫోటో వంకరొస్తే మాత్రం తిడతడు. అవతలి ఊర్ల ముసలయ్య తాత చేత్తో తిప్పే మూడు చక్రాల బండి, నర్సమ్మ కొడుకు కుర్చీ... అన్నిటికీ గట్లనే పంపిండు గద. తెచ్చిచ్చింది నువ్వే కదక్కా?"

పుష్పలత కూర్చుని, పొట్లం విప్పి, చక్రం ఆనించి బోల్టు పెట్టి చేత్తో తిప్పింది. రెండు చుట్లు. మూడు. నాలుగు. నెయ్యిలా దిగిపోయింది. "ఏందమ్మా, బస్సు పెట్టుకొని..." అని అరుస్తూ వచ్చిన మురళీకృష్ణ గడపలోనే ఆగి, వెనక్కి పరుగెత్తి స్పానరు తెచ్చాడు. ద్వాలి కుర్చీ ఎక్కి, బస్సు దాకా వచ్చి మరీ సాగనంపింది.

తిరిగి రాగానే పుష్పలత దుకాణం ముందు నిలబడి కేకలేసింది. "ఇన్నాళ్ళు ఒక్క ముక్క చెప్తే నీ సొమ్మేం పోయేది?"

హఫీజ్ కంగారుగా చేతులు నలిపాడు. "గదంతా తర్వాత! చేత్తోనే తిరిగిందా? ఎన్ని చుట్లు?"

"పద్నాలుగు."

"సుభానల్లా!" అంటూ ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. అంతలోనే లేచాడు. "చెల్లె, రేపటిది జర పెద్దది. కోపం చెయ్యవు గద?"

మర్నాడు భద్రాచలం బస్సు కిటకిటలాడుతోంది. కిటికీ పక్క సీట్లో మాత్రం గోనెపట్టా చుట్టిన ఒక సైకిల్ చక్రం దర్జాగా కూర్చుంది.

"ఏందమ్మా ఇది? జరుపు, కూర్చుంట" అంది ఎక్కినావిడ.

"కుదరదు," అంది పుష్పలత టికెట్ కొడుతూ. "అక్కడ ముసలయ్య తాత కూర్చున్నడు."