తొమ్మిది ఇళ్ల మేస్త్రీ

ఫక్రుద్దీన్ ఫోనులోది చదివి వినిపించేసరికి ఓబులయ్య చేతిలో అన్నం ముద్ద నోటిదాకా పోలేదు.

"మళ్లా చదువు" అన్నాడు.

"ఎన్నిసార్లు చదవాలన్నా? 'ప్రధాన మేస్త్రీ: ఓబులయ్య, ఇండియా. పూర్తయిన ఇళ్లు: తొమ్మిది.' కింద నీ ఫొటో. మీసం బాగనే పడినాది."

"నేను కట్టింది ఒగిల్లు గదరా."

"నాకు తెలుసు. ఈ మాదిరి రాస్తే లోకానికి ఎట్ల తెలుస్తాది?"

సౌదీలో అభా ఊరి శివారున, ఆ ఒక్క ఇంటి నీడలోనే మేం ముగ్గురం కూర్చుని తింటున్నాం. ఆ కొండవాలులో ఉన్న తొమ్మిది పాత మట్టి ఇళ్లను బాగుచేసి ఆడవాళ్ల చేతిపనులకు ఇవ్వడానికి, ఆ పాత కట్టుబడి పద్ధతిని రాసి ఉంచడానికి ప్రభుత్వం గ్రాంటు ఇచ్చింది. గ్రాంటు ఎవరు తీసుకున్నారు, దాంతో ఏం చేశారు, ఎవరి చేత చేయించారు అన్నది జనమందరికీ కనబడేలా పెట్టాలని షరతు. మంచి షరతే. మా కంపెనీ తన రిపోర్టు పంపింది, గ్రాంటు ఆఫీసువాళ్లు దాన్ని తమ వెబ్ పేజీలో పెట్టారు. ఫక్రుద్దీన్‌ది రాయచోటి. కంపెనీ బండి నడుపుతాడు. ఇరవై ఏళ్లు అరబ్బీ బోర్డులు చదువుతూ అరబ్బీ నేర్చుకున్నాడు. నేను వైరింగు చేస్తాను. ఓబులయ్య సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

అతనిది ఎర్రగుంట్ల దగ్గర పల్లె, నాపరాయి గనులుండే చోటు. ఏడో తరగతితో చదువు మానేసి, మట్టిమిద్దెలు కట్టే మేనమామ వెంట తట్ట మోశాడు. ఆ మేనమామ పనికి ఒకటే పరీక్ష. మిద్దె అంచున బండ పరిచాక దాని మీద చెంబుడు నీళ్లు పోసేవాడు. నీళ్లు బయటికి జారితే వాటం సరిగ్గా కుదిరినట్టు. లోపలికి వస్తే ఆ బండ పీకి పక్కన పెట్టి, ఒక్క మాటా అనకుండా టీకి పోయేవాడు. ఆయన తిరిగొచ్చేలోపు బండ మళ్లీ పరిచి ఉండాలి.

సౌదీకొచ్చి ఓబులయ్య ఖఫ్జీలో ఏడేళ్లు కాంక్రీటు పోశాడు. ఉనైజాలో ఖర్జూరం తోటలకు ప్రహరీలు ఎత్తాడు. అభా వచ్చాక అబూ సాలిహ్ అనే ముసలి మేస్త్రీ తగిలాడు. అక్కడి మట్టి గోడల్లో మూరకొక వరుస పలకరాళ్లు చేప పొలుసుల్లా బయటికి పొడుచుకుని ఉంటాయి. వాన నీళ్లు రాయి మీంచి రాయి మీదికి దూకి నేలను పడతాయి, మట్టికి తడి తగలదు. రాయి వాలు బయటికి ఉంటేనే ఇదంతా. అప్పటికి వీళ్లిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. మొదటి రోజు ఓబులయ్య పెట్టిన రాయి మీద ముసలాయన కూజాతో నీళ్లు పోసి చూశాడట. "మా మామ ఈడ గూడా ఉండాడే అనుకున్యా" అని ఓబులయ్య నాతో చాలాసార్లు అన్నాడు. ఆరేళ్లు ఆయన దగ్గరే పని చేశాడు. ముసలాయన పోయి రెండేళ్లయింది.

గ్రాంటు వచ్చాక మొదటి ఇల్లు ఓబులయ్యకిచ్చారు. ఏడు నెలలు పట్టింది. కంపెనీకి ఓపిక లేకపోయింది. మిగతా ఎనిమిదీ విల్లాలు కట్టే గుంపుకిచ్చి, ఓబులయ్యను వేరే సైటుకు పంపేశారు. ఎనిమిదీ అయిదు నెలల్లో పూర్తి. మేం అన్నం తింటున్న ఆ రోజే ఓబులయ్య తిరిగొచ్చాడు.

ఫక్రుద్దీన్ చదివాక అతను చేయి కడుక్కుని నా వెంట ఉమ్ సాలిహ్ ఇంటికి వచ్చాడు. ఆమె అబూ సాలిహ్ భార్య. తొమ్మిదింటిలో ఆమెది ఒకటి. ముందు గదులు చేతిపనులకిచ్చి, వెనక గది తనకు ఉంచుకుంది. కొత్త పలకరాళ్లు దూరానికి చక్కగానే ఉన్నాయి. ఓబులయ్య నా నిచ్చెన తీసుకుని ఎక్కాడు. తాగే నీళ్ల సీసా ఒక రాయి మీద ఒంపాడు.

నీళ్లు గోడలోకి పోయాయి.

ఇంకో రాయి. ఇంకోటి. అన్నీ లోపలికే. మట్టి చప్పరించినట్టు తాగేసింది. అతను దిగి వచ్చాడు.

ఉమ్ సాలిహ్ గుమ్మంలోకి వచ్చింది. ఓబులయ్యకు అర్థమయ్యేలా నిదానంగా, అరబ్బీలో అంది. "కాగితంలో నీ పేరుందని మనవరాలు చదివింది. అందుకే మంచం ఈ గోడ పక్కకి వేయించుకున్నాను. నీ చేతి గోడ కదా, భయం లేదు."

అతను తల వంచుకుని వచ్చేశాడు. దారిలో నిచ్చెన నేనే మోశాను.

సైటు ఇంజనీరు ఇష్తియాక్‌ది హైదరాబాదు. కేబిన్‌లో ఏసీ కింద కూర్చుని ఉన్నాడు.

"ఉమ్ సాలిహ్ ఇంటి రాళ్లన్నీ పీకాల సార్" అన్నాడు ఓబులయ్య. "వాటం లోపలికి పెట్టినారు. తక్కిన ఏడిళ్లు గూడా చూడాల."

"స్లోప్ లోపలికి ఉంటే ఏమైతది? బాల్కనీకి అట్లనే ఇస్తం కదా, కింద నడిచెటోళ్ల మీద నీళ్లు పడొద్దని."

"బాల్కనీకి పైపుంటాది సార్. ఈ గోడకు పైపు యాడుండాది? లోపల ముసిలామె పండుకోనుండాది."

"అరే భాయ్, టెన్షన్ తీస్కోకు. గురువారం గ్రాంటు కమిటీ ఫైనల్ విజిట్. ఇప్పుడు పీకితే ప్రాజెక్ట్ ఇన్‌కంప్లీట్ అయితది. నీ సైన్ ఒక్కటే పెండింగ్." కాగితం ముందుకు తోశాడు. "పేజీల నీ పేరు చూసినవా? ఎంతమందికి వస్తది అట్ల? ఫ్రేమ్ కట్టించి ఇంటికి పంపు."

"నన్నడిగి రాసినారా?"

"ముసలాయన దగ్గర నేర్చుకున్నోడివి నువ్వొక్కడివే. నీ పేరు లేకుంటే గ్రాంటే రాకపోతుండె."

"మీకు నా పేరు గావాల. నా పని మాత్రం వద్దు."

ఇష్తియాక్ నవ్వలేదు. "మే నెలల నీ ఇఖామా రెన్యువల్ ఉంది. నేనేం అంటలేను. ఊరికే గుర్తు చేస్తున్న."

ఇఖామా అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం. అది కంపెనీ చేతిలో ఉంటుంది. ఆ "ఊరికే గుర్తు చేయడం" ఆ కేబిన్‌లో నేను చాలాసార్లు విన్నాను. ఎర్తింగ్ లేని బోర్డు గురించి అడిగినప్పుడు నాకూ గుర్తు చేశారు. నేను నోరు మూసుకున్నాను. ఓబులయ్య కాగితాన్ని వేలితో వెనక్కి తోసి బయటికొచ్చాడు.

గురువారం పొద్దున్నే కమిటీ వచ్చింది. ముగ్గురు మగవాళ్లు, ఒక ఆడమనిషి. ఉమ్ సాలిహ్ ఇంటి ముందు బోర్డు పెట్టారు. గ్రాంటు ఎవరిదో, పని ఏమిటో, మేస్త్రీ ఎవరో అంతా దాని మీద అచ్చయి ఉంది. ఇష్తియాక్ టై కట్టుకుని ఫొటోలు తీయిస్తున్నాడు. ఓబులయ్య ఆ ఇంట్లోంచే కూజా అడిగి తెచ్చుకున్నాడు. అది అబూ సాలిహ్ కూజా. ఎవరికీ చెప్పకుండా నిచ్చెన ఎక్కి పై వరుస రాళ్ల మీద పోశాడు. దిగి, నింపుకుని, మళ్లీ ఎక్కాడు. నాలుగో కూజాకు గోడ మీద తడి మరక చేయంత వెడల్పున దిగింది.

కమిటీ పెద్ద మరక మీద అరచెయ్యి ఆనించి, మట్టి అంటిన వేళ్లు చూసుకున్నాడు. ఏదో అడిగాడు. ఇష్తియాక్ గబగబా జవాబిచ్చాడు, వేలు ఓబులయ్య వైపు చూపించి.

"ఏమంటాండాడు?" ఓబులయ్య నిచ్చెన మీంచే అడిగాడు.

ఫక్రుద్దీన్ గొంతు తగ్గించాడు. "ప్రధాన మేస్త్రీ నువ్వేనంట. తప్పుంటే నీదేనంట. రిపోర్టులో పేరుండాదంట."

నాకు ఒళ్లు మండింది. పొగడడానికి రాసిన పేరే మెడకు చుట్టారు. ఓబులయ్య కేకలేస్తాడనుకున్నాను. అతను నిదానంగా దిగాడు.

"ఫక్రూ, ఆ సారును అడుగు. అందురికీ వినబడేట్టు అడుగు. ఈ గోడ నాదేనా?"

ఫక్రుద్దీన్ అడిగాడు. కమిటీ పెద్ద బోర్డు చూశాడు, చేతిలోని కాగితం చూశాడు. కాగితం ప్రకారం ఆయనదే, అన్నాడు.

"అట్లయితే నా గోడ నేను పీక్కుంటా. ఎవురూ అడ్డం రావొద్దని చెప్పు."

గడ్డపార నా పనిముట్ల పక్కనే ఉంది. అతను మొదటి రాయి కింద దాన్ని దూర్చి మోపాడు. సిమెంటు ముద్దతో సహా రాయి ఊడి నేల మీద పడింది. ఇష్తియాక్ "స్టాప్, స్టాప్!" అంటూ ముందుకొచ్చాడు. ఓబులయ్య వెనక్కి తిరగలేదు.

"జరుగు సార్. కాళ్ల మీద పడతాది. దానిక్కూడా నా పేరే రాస్తావ్."

ఫక్రుద్దీన్ పకపకా నవ్వి నోరు మూసుకున్నాడు. కమిటీ ఆడమనిషి ఊడిన రాయిని, లోపలి తడి మట్టిని ఫొటో తీసుకుంది. పెద్దాయన ఇష్తియాక్‌తో ఒక్క మాట అన్నాడు. చేయనివ్వండి, అని.

పదకొండు రోజులు పట్టింది. గడ్డి కలిపిన మట్టిని ఓబులయ్య తనే తొక్కాడు. రోజూ పని దిగాక నేనూ ఫక్రుద్దీనూ రాళ్లందించాం. రాయి రాయికీ కూజా నీళ్లు పోశాడు. ఒక రాయిని నాలుగుసార్లు పీకి పెట్టాడు. ఎందుకని అడిగితే బూతులు తిట్టాడు. ఆ పదకొండు రోజులూ ఉమ్ సాలిహ్ మంచం ముందు గదిలోనే ఉంది, గోడ పక్కన అతను వేయనివ్వలేదు. పన్నెండో రోజు మధ్యాహ్నం వాన దిగింది. నీళ్లు వరుస వరుసకూ దూకి వాకిట్లో పడ్డాయి. ఓబులయ్య లోపలికి పోయి గోడను పైనుంచి కింది దాకా చేత్తో తడిమి, మంచం కాళ్లు తనే పట్టుకుని ఈడ్చి దాని పక్కన వేశాడు.

వాన వెలిశాక ఫక్రుద్దీన్ పేజీ తెరిచాడు. రిపోర్టు పక్కన 'పరిశీలనలో ఉంది' అని ఒక ముక్క చేరింది. పేరు అట్లాగే ఉంది. తొమ్మిది అట్లాగే ఉంది. ఓబులయ్యను దేశం ఆ చివరనున్న ఖఫ్జీ సైటుకు మారుస్తూ కంపెనీ ఇచ్చిన కాగితం అతని జేబులోనే, సంతకం లేకుండా, తడిసి ఉంది.

"తక్కిన ఏడిళ్లు యాడుండాయో దాంట్లో రాసినారా?" అడిగాడు.

"రాసినారన్నా. అందురూ చూడాల గదా."

"చదువు. దగ్గిరిది ముందు చదువు."

గడ్డపార భుజాన వేసుకుని, కూజా ఫక్రుద్దీన్ చేతికిచ్చాడు.