డబ్బాలో మిగిలిన బిళ్లలు

మా ఆయనకు నొప్పి తగ్గిన రోజే మందు కూడా ఆగిపోయేది. మిగిలిన బిళ్లలు పాత టీపొడి డబ్బాలోకి చేరేవి. ఆయనకు ముల్లు గుచ్చుకున్నా, మా గొర్రెల కాలికి పుండైనా ఆ డబ్బా కిందికి దిగేది. క్యాప్సూల్ విరిచి, లోపలి పొడిని కొబ్బరినూనెలో కలిపి పూసేవాడు. రాచర్లలో మా వీధి వాళ్లదీ అదే పద్ధతి. నేను మాత్రం ప్రతి అట్ట మీద కొన్న తారీఖు, ఎన్నాళ్లు వాడాలో రాసిపెట్టేదాన్ని.

"నువ్వు తారీఖు రాస్తే పుండు మానతదా ఏంది?" అని నవ్వేవాడు.

"మధ్యలో ఆపొద్దన్నాడు గదయ్యా డాక్టరు."

"తగ్గినాక గూడా తినేదానికి అదేమన్నా బువ్వనా?"

మొన్న వానలప్పుడు ఆయన మడమలో తుమ్మముల్లు దిగింది. అసలే షుగరు. పొడి పూసుకుంటూనే గొర్రెల వెంట తిరిగాడు. పాదం ఉబ్బి చీము పట్టింది. ఆ వారమే నాలుగేళ్ల మనవరాలికి మెడ మీద సెగ్గడ్డ లేచింది. ఇద్దరినీ మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయాం. ఇద్దరి చీమూ పరీక్షకు పంపారు.

ఫలితాలు వచ్చాక డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. ఇద్దరిలోనూ ఉన్నది స్టాఫ్ అనే సూక్ష్మజీవేనని చెప్పింది.

"పాపకు మామూలు సిరప్పు చాలవ్వా. తాతకు ఆ మందులేవీ పనిచేయవు."

"పురుగు ఒకటే అంటివి గదమ్మా?"

"పేరు ఒకటే. తాత ఒంట్లో ఉండేది ఆ మందులన్నిటికీ మొండికేసింది. ఏళ్ల తరబడి సగం సగం వాడినాడు గదా. ఇంక ఒక ఇంజక్షనుంది. కిడ్నీలు తట్టుకుంటే సరి. లేదంటే కాలు తీసేయాల్సొస్తది."

మనవరాలి గడ్డ మానిపోయింది. చెప్పినన్ని రోజులూ దగ్గర కూర్చుని సిరప్పు తాగించాను. ఆయనకు ఆ ఇంజక్షను మొదలుపెట్టారు. కిడ్నీలు ఎట్లున్నాయో తెలియడానికి మూత్రం కొలవడం ఒక్కటే నాకు మిగిలిన పని. గీతల జగ్గులో కొలిచి నర్సుకు చెబుతాను. ఈ రోజు నిన్నటికన్నా తగ్గింది. అదీ చెప్పాను. ఆమె రాసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం ఆయన కళ్లు తెరిచాడు.

"డబ్బా తెచ్చినావా?"

"తెచ్చినా."

"ఒకటి ఇరిచి పొడి చల్లు మే."

డబ్బా ఇంట్లోనే ఉంది. కాలికి కట్టు ఉంది. ఆ కట్టు మీద చేయి పెట్టి, చల్లుతున్నట్టు వేళ్లు కదిపాను.

"చల్లినాలేయ్యా."

"ఇంక తగ్గతదిలే," అని కళ్లు మూసుకున్నాడు.