అల్ ఐన్ తోటలో నీటి వంతు

పద్దెనిమిదేళ్లుగా నేను గల్ఫులో, బనియాస్ అనే ఊళ్లో ఒక అరబ్బీ ఇంట్లో వంట చేస్తున్నాను. మా ఆయనది అల్ ఐన్‌లో ఖర్జూర తోట పని. సెలవు దొరికినప్పుడల్లా ఆయనే వచ్చేవాడు గానీ, నేను ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. వచ్చే వారం నేను కడపకు పూర్తిగా వెళ్లిపోతున్నాను. ఆయన వీసా కూడా ఈ జనవరితో అయిపోతుంది. ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టమని ముదీరు, అంటే తోట మేనేజరు, అడిగాడట. పెట్టొద్దని చెప్పాలి. ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు. అందుకే బయలుదేరాను.

ఉదయం ఆరున్నరకు బస్సెక్కాను. రెండు గంటల దారి, ముప్పై దిర్హాముల లోపే. దిగాల్సిన చోటు దాటిపోయిందేమోనని నాలుగుసార్లు అడిగితే, పఠాను డ్రైవరు "అమ్మా, ఆఖరీ స్టాప్ వహీ హై!" అని నవ్వాడు. అదే ఆఖరి స్టాపట, దాటి పోదామన్నా బస్సు పోదట.

మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్టాండులో నిలబడి ఉన్నాడు. టాక్సీలో పది నిమిషాలకు పాత తోటలకు చేరాం. లోపలికి టికెట్ లేదు. మట్టి గోడల మధ్య సందులు, పైన ఖర్జూర మట్టల నీడ, పక్కన సన్నటి కాలువ. దాన్ని ఫలజ్ అంటారు. ఆ నీళ్లు తోట తర్వాత తోటకు వంతు ప్రకారం పారతాయి. ఆయన ఒంగి, నీళ్లు మళ్లే ఒక మడవ మూసి, పక్క తోట మడవ తెరిచాడు.

"ఈ చెట్లకు ఇంకా తడి చాల్లేదు కదయ్యా?"

"చాలకున్నా అంతే మే. వంతు అయినాక చెంబుడు గూడా ఎక్కువ తీసుకోగూడదు. పక్కోడు కాసుకోనుంటాడు."

"నేనూ కాసుకోనే ఉండా గదా. నా వంతు ఎప్పుడొస్తాది?"

ఆయన చేతులు కడుక్కుని, "కొండకు పోదాం పా" అన్నాడు.

జెబెల్ హఫీత్ అనే ఆ కొండకు టాక్సీలో ఎక్కుతుంటే, మలుపుల్లో నేను కళ్లు మూసుకుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. "గోళ్లు దిగతాండాయి మే!" అన్నా వదల్లేదు. దిగి వచ్చాక, కొండ కింద వేడినీళ్ల కాలువలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం. ఆయన ముదీరుకు ఫోను కలిపాడు.

"ముదీర్, ఖలాస్. వీసా నహీ మంగ్తా. ఘర్ జాతా." ఇక చాలు, వీసా వద్దు, ఇంటికి పోతున్నానని చెప్పేశాడు.

నాకు వెంటనే భయం పట్టుకుంది. "అయ్యో, ఆ చెట్లను ఎవురు చూస్తారయ్యా?"

"ఏం మనిషివే! ఇప్పుడే గదా పిలిస్తివి."

వెళ్లేవాళ్లకు ఒక మాట. కొండ కింద తిరుగు టాక్సీ సులువుగా దొరకదు. తీసుకెళ్లినదాన్నే ఆపుకోండి. మాకు తెలియక పంపించేశాం. అరగంట నడిచాం. పెళ్లయ్యాక మేమిద్దరం పక్కపక్కన అంతసేపు నడవడం అదే మొదటిసారి.