పేరు పోయిన ఫైలు

ఉద్యోగంలో చివరి మూడేళ్లు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోని ఒక ఆసుపత్రిలో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా పనిచేశాను. తమక అనే ఊళ్లోని మా ఇంటి నుంచి రోజూ బస్సులో వెళ్లేవాణ్ణి. అక్కడికి వచ్చేవాళ్లలో గని దుమ్ముతో ఊపిరితిత్తులు చెడినవాళ్లు ఎక్కువ. వాళ్లు గొట్టంలో ఊదితే, యంత్రం కొలిచిన అంకెలు సర్వర్‌లో ఒకే ఫైలులో చేరేవి. పాత అంకెలతో పోల్చి చూస్తేనే మనిషి ఎంత క్షీణించాడో డాక్టరుకు తెలిసేది.

ఒక సోమవారం బస్సు బంగారుపేట దాటుతుండగా ఆపరేటర్ సరోజ ఫోన్ చేసింది. గని కార్మికుడి కూతురు, పనిలో నాకంటే శ్రద్ధగల మనిషి.

"డిస్క్ నిండిపోయిండాది సార్. 'టెంప్' అని పెద్ద ఫైలు ఉంటే తీసేసినాను. ఐనా జాగా రాలేదు. ఆఫ్ చేసి ఆన్ చేసేదా?"

నాకు భయం వేసింది. ఊపిరితిత్తుల ఫైలు అదే. మొదట్లో పరీక్ష కోసం, తాత్కాలికమనే అర్థంలో ఆ పేరు పెట్టి, తర్వాత మార్చుదామని మరిచాను. టెంప్ ఫైళ్లకు బ్యాకప్ అక్కర్లేదని సెట్ చేసిందీ నేనే. చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు; ఇక్కడ చేసింది నేను, అనుభవించేది రోగులు.

ఆఫ్ చేయొద్దని, ప్రోగ్రామ్ మూయొద్దని, నేను వచ్చేదాకా ఎవరినీ ఊదనివ్వొద్దని చెప్పాను. మా సర్వర్‌లో ఫైలు తీసేస్తే ముందు పోయేది పేరే. ఏ ప్రోగ్రామైనా దాన్ని తెరిచి పట్టుకుని ఉంటే, అది వదిలేదాకా లోపలి సమాచారం డిస్క్ మీదే ఉంటుంది. జాగా రాకపోవడానికి కారణం అదే. ఆఫ్ చేస్తే మాత్రం నిజంగానే పోతుంది. ఇదంతా ఫోన్‌లోనే వివరించాను.

"అర్థమైనాది సార్. గని రిజిస్టర్లో పేరు కొట్టేసినంత మాత్రాన మనిషి పైకొచ్చేసినట్టా? ఆయప్ప కిందనే ఉండాడు. వచ్చేదాకా కేజి ఆపకూడదు, అంతే గదా" అంది. కేజి అంటే మనుషుల్ని గనిలోకి దింపి, ఎక్కించే బోను. అంత బాగా నేను చెప్పలేకపోయాను.

వెళ్లేసరికి బెంచీల మీద పెద్దవాళ్లు దగ్గుతూ కూర్చున్నారు. డాక్టరు రీస్టార్ట్ చేయమని రెండుసార్లు గట్టిగా చెప్పారట. సరోజ సర్వర్ గది తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా తీశాను. మా ఫైలు ఎదురుగా 'డిలీటెడ్' అని ఉంది. దాన్ని పట్టుకున్న ప్రోగ్రామ్ ద్వారానే లోపలి సమాచారాన్ని బయటి డిస్క్‌కు కాపీ చేశాను. తెరిచి, చివరి వరుస దాకా సరిచూసి, ఆ తర్వాతే ప్రోగ్రామ్ మూశాను.

సరోజ కాపీలో ఒక పేరు వెతికింది.

"మా నాయన ఉండాడు సార్" అంది.

ఆయన పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆ ఊపిరిని మళ్లీ కొలవడం ఎవరికీ సాధ్యం కాదు.

రిపోర్టులో తప్పు నాదని రాశాను. ఆ తర్వాత, ఎవరు తెరిచి పెట్టుకున్నారో చూడకుండా ఏ ఫైలునూ తీసేయలేదు. దాచుకోవలసిన దేనికీ తాత్కాలికమని పేరు పెట్టలేదు.