పైలట్ గడిలో పెట్టిన టిక్కు

కోరుట్లలో గంగారాం గురించి రెండు మాటలు వినిపిస్తాయి. దుబాయిలో విమానంలోంచి మనుషుల్ని దూకించిన మొనగాడని ఒకటి. సొంత చెల్లెలి కొడుకును మానేరు ఒడ్డున చంపుకున్నాడని ఇంకొకటి. మొదటిది అబద్ధం. అతను ఎవర్నీ దూకించలేదు, పారాచూట్లు మడతపెట్టాడు. రెండోది సగం నిజం. ఆ సగం ఏదో తేల్చుకోకుండా "రాత గట్లున్నది" అని నిట్టూర్చి చాయ తాగి లేచిపోయేవాళ్లతో వేగడం కష్టం. రాతకు దీంట్లో పనేమీ లేదు. జరిగినదంతా మనుషులు పట్టపగలు మాట్లాడుకుని ఒప్పుకున్నదే.

గంగారాం పుట్టింది మల్లాపూర్ మండలంలో, ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపించేంత దూరంలో, కల్లుగీసే ఇంట్లో. తండ్రి దేవయ్య పదిహేనో ఏట కొడుకుకు చెట్టు నేర్పాడు. ఎక్కడం కంటే ముందు మోకు సంగతి చెప్పాడు. మోకంటే నడుమునూ చెట్టునూ కలిపి చుట్టే తాడు. ఎవరి మోకు వాళ్లే కట్టుకోవాలి. ఇంకొకరు ముట్టుకోకూడదు, కన్నతండ్రైనా సరే. కింద నిలబడ్డవాడు "పట్టిందా?" అని అడుగుతాడు. ఎక్కేవాడు మనిషెత్తులో ఆగి, వెనక్కి వాలి, ఒంటి బరువంతా తాడు మీద వేసి చూసుకుని "పట్టింది" అంటాడు. ఆ మాట వచ్చాక ఇక అనుమానపడటం అంటే వాణ్ణి చేతకానివాడనడమే. ఒకసారి పెదనాన్న కొడుకు ముడి వదులుగా కనబడి గంగారాం చెయ్యి వేయబోయాడు. దేవయ్య అరిచాడు.

"చెయ్యి తియ్యిరా! ఆనికి పెండ్లాం లేదా, పిల్లలు లేరా? ఆని పానం మీద నీకన్న ఆనికే ఫికర్ ఎక్వ."

వాదన బాగానే ఉంది. చెట్టు మీద నిజంగానే బాగుంది.

ఇరవై ఆరో ఏట వీసా దొరికింది. గల్ఫ్‌లో మొదట గుడారాలు కుట్టాడు. మూడేళ్ల తర్వాత ఎడారి అంచున టూరిస్టుల్ని విమానంలోంచి దూకించే ఒక కంపెనీలో ప్యాకర్‌గా చేరాడు. అక్కడ దూకేది జంటగా. ముందు టికెట్ కొన్న మనిషి, అతని వీపుకు బిగించుకుని ఇన్‌స్ట్రక్టర్, ఇద్దరికీ కలిపి ఒకటే పెద్ద పారాచూట్. దాన్ని మడిచి సంచిలోకి కుక్కి, కార్డు మీద సంతకం పెట్టడం అతని పని. పై అధికారి ఒక ఫిలిప్పీన్ స్త్రీ. ఆమెకు వచ్చిన హిందీ నాలుగు ముక్కలే, అందులో ఒకటి రోజుకు వందసార్లు అనేది: "దేఖ్‌నా నై, హాత్ లగానా." కళ్లతో చూసింది చెక్ కిందికి రాదు, ప్రతి బకిల్‌నూ చేత్తో లాగాలి. విమానం ఎక్కేముందు ఒకరు, ఎక్కాక ఇంకొకరు, తలుపు దగ్గర మళ్లీ ఒకరు. పదిహేను వేలసార్లు దూకిన ఇన్‌స్ట్రక్టర్ అయినా చేతులెత్తి నిలబడి లాగించుకునేవాడు.

ఒకరోజు గంగారాం పక్కవాడితో నవ్వుతూ మడుస్తుంటే ఆమె చూసింది. తయారైన సంచిని తెరిచి, పారాచూట్ మొత్తం నేల మీదికి లాగి, మళ్లీ మడవమంది. అటుపక్క మేనేజర్ చేతి గడియారం చూపిస్తూ గంతులేస్తున్నాడు. ఆమె అతని వైపు చూడనైనా లేదు.

"మా నాయన కట్టిన ముడి గట్ల ఇప్పితె గొడ్డలి పట్టుకస్తుండె," అని గంగారాం తర్వాత చెప్పేవాడు. "గామె తిరిగి మడువుమన్నది. మడిచిన. గంతే."

పన్నెండేళ్లు అక్కడ పని చేసి తను మాత్రం ఒక్కసారే దూకాడు, అదీ బలవంతం మీద. దిగాక ఏమనిపించిందని అడిగితే, "ఎన్కోడు నా నాలుగు బకిల్లు లాగిండు, నేను ఆనియి లాగిన. మీద ఏమున్నదో సూడలే," అన్నాడు.

కరోనా ఏడాది కంపెనీ సగం మందిని పంపేసింది. గంగారాం కోరుట్లకు వచ్చి మెట్‌పల్లి రోడ్డులో టార్పాలిన్లూ స్కూలు సంచులూ కుట్టే దుకాణం పెట్టాడు. రెండేళ్లు ప్రశాంతంగా గడిచాయి. అప్పుడు వీరేందర్ వచ్చాడు. సిరిసిల్లలో పెళ్లిళ్లకు డ్రోన్లు, లైట్లు తిప్పే మనిషి. మానేరు బ్యాక్‌వాటర్ ఒడ్డున పారామోటార్ సవారీలు మొదలుపెడుతున్నాడు. పారామోటార్ అంటే పెద్దగా ఏమీ లేదు: తలమీద పారాచూట్ లాంటి గుడ్డ రెక్క, పైలట్ వీపున ఫ్యాన్ ఉన్న ఇంజిన్, పైలట్ ముందు బెల్టులతో బిగించిన సవారీ మనిషి. నాలుగడుగులు పరుగెత్తితే గాల్లోకి లేస్తుంది.

"గంగన్నా, నీ అసొంటోడు మూడు జిల్లాలల్ల లేడు," అన్నాడు వీరేందర్. "నువ్వు సేఫ్టీ ఇన్‌ఛార్జివి. నువ్వు ఊ అంటేనే బండి లేస్తది."

"నేను ఊ అనకుంటె?"

"లెవ్వది."

పైలట్ కూడా ఇంటివాడే. గంగారాం చెల్లెలు రత్నమాల కొడుకు జితేందర్, ఇరవై ఆరేళ్లు, డిగ్రీ అయ్యాక మూడేళ్లు చెట్టు గీసినవాడు. ఎత్తంటే భయం లేదు. కర్ణాటకలో పన్నెండు రోజుల కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఒంటరిగా వందసార్లు ఎగిరాకే మనిషిని ఎక్కించుకోమని నేర్పినాయన చెప్పాడట. అప్పటికి అయినవి నలభై. వీరేందర్‌కు ఇది వింతగా తోచింది.

"ఎక్కించుకుంటనే నేర్సుకుంటడు గదన్నా. ఆటో నేర్సుకునేటోడు సవారీలను తిప్పుకుంటనే నేర్సుకోడా?"

గంగారాం ఊ అనలేదు. మూడు వారాలు సవారీలు ఆగాయి. ఫ్లెక్సీలు కట్టేసి ఉన్నాయి, ఫోన్లు వస్తున్నాయి, వీరేందర్ పళ్లు కొరుకుతున్నాడు. జితేందర్ పొద్దునా సాయంత్రమూ ఒకటి రెండుసార్లు ఒంటరిగా ఎగిరాడు. వంద దాటిన రోజు గంగారాం తన చేత్తో ఒక ఫారం గీశాడు. అందులో రెండు గడులు, సవారీ ఒకటి, పైలట్ ఒకటి. రెండింట్లోనూ టిక్కు పడితేనే ఇంజిన్ స్టార్ట్ చేయాలి. టిక్కు పెట్టేవాడు ఇద్దరి బకిల్లూ చేత్తో లాగి ఉండాలి. ఏడు నెలలు అట్లాగే నడిచింది. ఒక్క గాయం కాలేదు. భద్రత గురించి ఉపన్యాసాలు దంచే పెద్దలు ఆ ఏడు నెలల్ని చూసి ఉంటే బాగుండేది. అందులో వీరగాథ ఏమీ లేదు, రోజూ చేసిన విసుగు పుట్టించే పని ఉంది.

సద్దుల బతుకమ్మ నాడు ఒడ్డు నిండిపోయింది. ఈ బండికి మధ్యాహ్నం గాలి పనికిరాదు. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, అంతే దొరికేది. ఆ సాయంత్రానికి వీరేందర్ పదహారు సవారీలు రాసుకున్నాడు. గంగారాం పద్ధతిలో పది కూడా కష్టం. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పక్కనే నిలబడ్డాడు వీరేందర్.

"నాలుగు నిమిషాలు, అన్నా. నీ చెకింగే నాలుగు నిమిషాలు. జనం ఎండల నిలవడ్డరు."

"నిలవడనీ. మీదికి పోయినంక నిలవడేతందుకు జాగ లేదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు జితేందర్ దాకా వచ్చేసరికి రూపం మారింది. ఎవడో కుర్రాడు వీడియో తీస్తూ అరిచాడు: "పైలట్‌కు నాడ కట్టుకునుడు రాదు గావచ్చు, మామ కడుతుండు!"

జితేందర్ మొహం ఎర్రబడింది. గంగారాం చెయ్యి తొడపట్టీ మీద పడబోతుంటే వెనక్కి తీసుకున్నాడు.

"మామా, సవారీ మీద వెయ్యి చెయ్యి, ఎవలద్దన్నరు? నా మీదెందుకు? గౌడోని మోకు మీద ఇంకొకని చెయ్యి పడుతదా? తాత బతికుంటె ఊకుంటుండెనా?"

వీరేందర్ ఆ మాటను నేల మీద పడనివ్వలేదు. "కరెక్టే గదన్నా. పిలగాడు మూడేండ్లు చెట్టెక్కినోడు. నోటితోని అడుగు, చెప్తడు. సవారీకి చెయ్యి, పైలట్‌కు నోరు. రెండు నిమిషాలు మిగుల్తయి."

బేరం అక్కడ కుదిరింది. డబ్బు కోసమో భయంతోనో గంగారాం ఒప్పుకుని ఉంటే ఈ కథ సులువయ్యేది. అతను ఒప్పుకున్నది సిగ్గుతో. ఫిలిప్పీన్ ఆమె పన్నెండేళ్లు నేర్పినదాన్ని పక్కకు నెట్టి దేవయ్య అరుపు లోపలినుంచి లేచింది. నలుగురిలో మేనల్లుడి నడుం తడమడం తప్పనిపించింది. ఎవరూ అతని మెడ మీద కత్తి పెట్టలేదు. "పట్టిందా?" అని అడిగాడు. "పట్టింది మామా," అన్నాడు జితేందర్. రెండు గడుల్లోనూ టిక్కు పెట్టాడు.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. చెట్టు మీద "పట్టింది" అనే మాట బరువు వేసి చూశాక వస్తుంది. తాడు జారితే మనిషెత్తు నుంచి జారతాడు, తిట్టుకుని మళ్లీ కట్టుకుంటాడు. ఆ ఆచారాన్ని ఇన్నాళ్లు కాపాడింది గౌడుల పౌరుషమేమీ కాదు, ఆ ఆరడుగుల ఎత్తు. పారామోటార్‌లో బరువు పడేది కాళ్లు నేల విడిచాకే. మాట ముందు వస్తుంది, పరీక్ష తర్వాత వస్తుంది. గంగారాంకు ఇది తెలియని విషయం కాదు.

ఆరు సవారీలు బాగానే లేచాయి, దిగాయి. ఏడో సవారీ నవనీత, సిరిసిల్లలో బట్టల కంపెనీలో కుట్టుపని చేసే అమ్మాయి, స్నేహితురాళ్లతో వచ్చింది. ఆమెను బిగించాక గాలి మళ్లింది. గుడ్డ రెక్క ఒక అంచు తుమ్మకంపలో చిక్కుకుంది. జితేందర్ తొడపట్టీలూ ఛాతీపట్టీ విప్పి, ఇంజిన్‌లోంచి బయటికి వచ్చి, పరుగున వెళ్లి దాన్ని విడిపించాడు. తిరిగొచ్చి ఇంజిన్‌ను వీపుకెత్తుకుని ఛాతీపట్టీ వేసుకున్నాడు. వీరేందర్ "తొందర, తొందర, పొద్దుగూకుతంది" అంటున్నాడు. గంగారాం నవనీత నాలుగు బకిల్లూ మళ్లీ ఒక్కొక్కటిగా లాగాడు. తల ఎత్తాడు.

"పట్టిందా?"

"పట్టింది."

రెండు గడుల్లోనూ టిక్కు పడింది. తొడపట్టీలు వేలాడుతూనే ఉన్నాయి. సీటు మడత కింద ఉంటాయి కాబట్టి కనబడవు. చెయ్యి పెడితే తెలుస్తుంది.

కాళ్లు నేల విడవగానే జితేందర్ కిందికి జారాడు. ఛాతీపట్టీ చంకల దాకా వచ్చి పట్టుకుంది. భయంతో గుప్పిట బిగుసుకుంది, ఆ గుప్పిట్లోనే ఇంజిన్ వేగం పెంచే మీట ఉంది. అందుకని బండి దిగకుండా పైకే పోయింది. కింద జనం ఇదేదో విన్యాసమనుకుని ఈలలు వేశారు. నూట యాభై అడుగులకు పైన అతని చేతులు వదిలాయి, పట్టీలోంచి జారి ఒడ్డు మీద పడ్డాడు. నవనీత ఒక్కతే ఆ గుడ్డ కింద గుండ్రంగా తిరుగుతూ మోకాలి లోతు నీళ్లలో పడింది. మడమ విరిగింది, బతికింది. గంగారాం లాగి చూసిన బకిల్లలో ఒక్కటీ వదల్లేదు.

మూడో రోజు వీరేందర్ మల్లాపూర్ మండలంలోని ఆ సొంతూరికి, రత్నమాల ఇంటికి కారులో వచ్చాడు. గంగారాంను పక్కకు పిలిచాడు.

"అన్నా, పోలీసోళ్లు స్టేట్‌మెంట్ అడుగుతరు. నువ్వు చెక్ చేసినవు, ఫారంల టిక్కున్నది. తర్వాత పిలగాడే ఇప్పుకున్నడు. పైలట్ గలతీ. పోయినోనికి కేసేంది, జైలేంది? ఉన్నోళ్లం బతకాలె గద."

ఆశ్చర్యం ఏమిటంటే, అదే మాట ఇంకో వైపు నుంచి, కన్నీళ్లతో, పెద్దరికంతో వచ్చింది. పదకొండో రోజు వాకిట్లో కులపెద్దలు కూర్చున్నారు. నారాయణ, డెబ్బై దాటిన గీతకార్మికుడు, గంగారాం భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు మనసుల పెట్టుకోకు బిడ్డా. ఎవని మోకుకు ఆడే జిమ్మేదార్. మన తాతల కాన్నుంచి గిదే రివాజు. నిన్ను ఎవలన్న ఒక్క మాటంటె నేనున్న."

వాకిలంతా తలలూపింది. వ్యాపారానికి కావలసిందీ ఆచారానికి కావలసిందీ ఒకటే వాక్యం కావడం, ఆ వాక్యం చనిపోయినవాడి నెత్తిన పడటం, అక్కడ ఎవరికీ తప్పుగా అనిపించలేదు. గంగారాం దాన్ని తీసుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు. తీసుకోమని అందరూ బతిమాలుతున్నారు.

రత్నమాల దర్వాజా దగ్గర గోడకు ఆనుకుని ఉంది. పదకొండు రోజుల్లో అన్నతో మాట్లాడలేదు. అప్పుడు అడిగింది.

"ఆనిది చెయ్యి పెట్టి సూసినవా, అన్నా?"

"ఊకో బిడ్డా, గిప్పుడు గవన్నెందుకు," అన్నాడు నారాయణ.

"నిన్ను అడుగుత లేను, కాకా. మా అన్నను అడుగుతున్న."

"పెట్టలే, చెల్లె," అన్నాడు గంగారాం.

"మరి రాసినవట గద. పెట్టినట్టు."

"రాసిన."

ఆమె లోపలికి వెళ్లింది. చిలక్కొయ్యకు తగిలించి ఉన్న జితేందర్ మోకు తెచ్చి అన్న ఒళ్లో పడేసింది.

"ఇగ పెట్టు చెయ్యి. ఇప్పుడు పెట్టు. ఎవలు నవ్వుతరో నేను సూస్త."

పెద్దలు మొహాలు తిప్పుకున్నారు. నారాయణ లేచి కండువా దులుపుకున్నాడు. గంగారాం మోకు చేతిలోకి తీసుకున్నాడు. మొదటి ముడి నుంచి చివరి ముడి దాకా ఒక్కోదాన్ని లాగి చూశాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. చూసినంతసేపూ ఆమె ఎదురుగా నిలబడే ఉంది.

తెల్లారి పొద్దున కోరుట్లలో సిరిసిల్ల వైపు పోయే బస్సెక్కాడు. ఠాణాలో ఇవ్వాల్సిన మాట ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు: పైలట్‌ను నేను చేత్తో పరీక్షించలేదు, పరీక్షించినట్టు టిక్కు పెట్టాను, అట్లా పెట్టడానికి ముగ్గురం ఒప్పుకున్నాం. దాంతో కేసు తన మీదికే వస్తుందని ప్లీడరు ముందే చెప్పాడు. వచ్చింది కూడా. వీరేందర్ పేరు రెండో వరుసలో ఉంది, అతను బెయిలు మీద ఇంకో చెరువు వెతుక్కుంటున్నాడని విన్నవాళ్లున్నారు.

బస్సు కదలబోతుంటే రత్నమాల వచ్చి ఎక్కింది. ఎవరూ రమ్మనలేదు. అన్న పక్కన ఖాళీ ఉన్నా కూర్చోకుండా ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. వేములవాడలో బస్సు పావుగంట ఆగింది. ఇద్దరూ దిగలేదు. సిరిసిల్లలో దిగి ఠాణా దాకా ఆమె ముందు నడిచింది, అతను వెనక నడిచాడు. మెట్ల దగ్గర ఆగి, అన్న వైపు తిరిగి, జేబులోని కాగితం తీసి చూపించమంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. మడిచి తిరిగి అతని చేతిలో పెట్టి, "పో," అంది.