ఏడుగురికి సరిపడా దాక

మా అత్తయ్య పోయింది. మామిడి తోటల్లో పిందె గట్టిపడుతున్న రోజుల్లో, ఒక ఉదయం కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. నేను స్కూల్లో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసి, "అత్తయ్యగారు లేరండీ, వచ్చేయండి" అంది. ఆ రోజు ఇంట్లో అందరూ బాధతో ఏడ్చారు. నా ఏడుపులో సగం సిగ్గు. అదెందుకో మీతో చెప్పుకోకపోతే నాకు తెరిపిన పడేలా లేదు.

ఆమె మా నాన్నగారి అక్క. భర్త పోయినప్పటి నుంచి నూజివీడులో మా ఇంట్లోనే ఉంది. ఏటా కాయ కోతకొచ్చే వేళకి మా అక్కావాళ్లూ మేమూ కలిసి ఆగిరిపల్లి దగ్గరి మా తోటలో రెండు రోజులు మకాం వేస్తాం. పిల్లలు దాన్ని క్యాంపింగ్ అంటారు. బావగారు టెంట్లు కూడా కొన్నారు. పేరేదైనా వంట మాత్రం అత్తయ్యదే.

ఆమెకో పాత ఇనుప దాక ఉండేది. ఇద్దరు పడితే గానీ లేచేది కాదు. అందులో కోడి పలావు వండి, మూత మీద నిప్పులు పోసి దమ్ము పెట్టేది. "ఉడికాక కూడా మూత కింద నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలిరా. చిన్న దాకలో వండితే వడ్డించేవాళ్ల చెయ్యి వణుకుద్ది" అనేది. మేమంతా బంతిలో కూర్చుంటే కొసరి కొసరి వడ్డించి, మేము లేచాక పొయ్యి పక్కన కూర్చుని అడుగున అంటుకున్నది గోకి తినేది. "అడుగంటిందే రుచి, మీకేం తెలుసు" అనేది. ఆమెకు నిజంగానే అదంటే ఇష్టమని ఊళ్లో పది మందికి చెప్పాను కూడా.

మూడేళ్ల కిందట ఆ దాక కారులో పట్టట్లేదని విసుక్కుని, ఫోన్లో చూసి డచ్ ఓవెన్ తెప్పించాను. అదీ మూతున్న ఇనుప దాకే, కాకపోతే నాజూకుది. ఏ సైజు తీసుకోవాలా అని రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను, మరి ఆ మాత్రం పొగరు ఉంటుంది. మనిషికి లీటరు కంటే కాస్త తక్కువ. మేము నలుగురం, అక్కావాళ్లు ముగ్గురు. ఏడుగురికి ఆరు లీటర్లు.

పెట్టె విప్పగానే అత్తయ్య లోపల చెయ్యి పెట్టి చూసింది.

"ఎంతమందికి లెక్కేశావురా?"

"ఏడుగురికి అత్తయ్యా. లెక్క తప్పదు."

ఆమె నా మొహంలోకి చూసి, "బాగుందిరా, తేలిగ్గా ఉంది" అంది. అంతే.

తోటలో పలావు మూతకు ఆనుకుని ఉడికింది. ఆమె గరిటె సగం సగం ముంచి వడ్డించడం చూశాను. అయినా మారు అడిగాను, వేసింది. తిన్నాక ఖాళీ దాక ఎత్తి చూపించి, "చూశారా బావగారూ, మెతుకు మిగల్లేదు. కరెక్ట్ సైజు!" అన్నాను. ఆయన నా భుజం తట్టారు.

చేతులు కడుక్కుందామని బోరు దగ్గరికి వెళితే, అవతల చెట్టు కింద అత్తయ్య రాలిన రసం కాయ పిండుకుని తింటోంది. షుగరున్న మనిషి.

"అన్నం తినలేదా అత్తయ్యా?"

"ఈ ఎండకి సయించట్లేదురా. నువ్వెళ్లు."

అప్పుడు లెక్క పెట్టుకున్నాను. ఎనిమిది మందిమి. ఇన్నేళ్లలో ఆమె బంతిలో కూర్చోగా చూడలేదు కాబట్టి, మనుషుల్ని లెక్కేసేటప్పుడు ఆమె నాకు తట్టనే లేదు. వెనక్కి వెళ్లి తప్పయిందని చెప్పాల్సింది. బావగారి ముందు నా తెలివి తేలిపోతుందని నోరు మూసుకున్నాను.

అంతకంటే సిగ్గుమాలిన పని ఇంకొకటి చేశాను. మరుసటేడు కూడా అదే దాక కారులో పెట్టాను. ఆమె ఒళ్లో చిన్న స్టీలు బాక్సు కనిపించింది. "ఏంటత్తయ్యా అది?" అన్నాను.

"రెండు చపాతీలు పెట్టుకున్నాలేరా. షుగరుకి మంచిదంట."

ఆమె నన్ను కాపాడుతోందని నాకు తెలుసు. తెలిసే "మంచి పని చేశావు" అన్నాను. నిరుడు కూడా ఆ బాక్సు వచ్చింది. అప్పుడు నేను అడగను కూడా అడగలేదు.

ఈ వేసవిలో వెళ్లకూడదనుకున్నాం. పిల్లల కోసం వెళ్లాం. మా ఆవిడా అక్కా కలిసి పలావు వండారు. వండినవాళ్లు కూడా మాతోపాటే కూర్చోవాలని పట్టుబట్టాను. ఎందుకో వాళ్లకు చెప్పలేదు. ఆ ఆరు లీటర్ల దాకే మధ్యలో పెట్టుకుని ఎవరికి వాళ్లం వడ్డించుకున్నాం. అందరూ కడుపు నిండా తిన్నారు. ఎవరి చెయ్యీ వణకలేదు. మా అక్క కూతురు దాక వంచి చూసి, "మావయ్యా, ఇది మనకి కరెక్టుగా సరిపోయింది" అంది.